దొంగను పట్టించే చలి

పుష్యమాసం తెల్లవారుజామున ఉట్నూరులో నోరు తెరిస్తే పొగే! కిందటి రాత్రి కరీంనగర్ నుంచి వచ్చి ఆగిన కార్లలో కొత్తవి తాళం తిప్పగానే లేస్తాయి. పాత మారుతి 800, అంబాసిడర్‌లాంటివైతేనే... టిక్... టిక్... అంతే. నలుగురూ దిగి నెట్టాల్సిందే. ఆ రెండు కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా ఉన్నవాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బండి మొరాయిస్తే వాళ్లు తిట్టేది చలిని. పాపం, చలి చేసిన తప్పు సగమే.

అసలు కథ దారిలోనే ఉంది. కరీంనగర్ నుంచి పెద్దపల్లి దాటితే రామగుండం. అక్కడి ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది? 45 డిగ్రీలు దాటిన వేసవి రోజులెన్నో. బ్యాటరీని నిజంగా తినేసేది ఆ ఎండే. లోపలి నీళ్లు ఆవిరవుతాయి, సీసపు పలకలు తినేసుకుపోతాయి. కానీ వేడికి ఇంజిన్ ఆయిలు పలచబడి ఉంటుంది కాబట్టి సగం చచ్చిన బ్యాటరీ కూడా ఇంజిన్‌ను తిప్పేస్తుంది. ఎవరికీ అనుమానం రాదు.

మంచిర్యాల దగ్గర గోదావరి దాటి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా కవ్వాల్ అడవిలోకి వెళ్తే లెక్క మారుతుంది. అర్లి(టి), సిర్పూర్(యు)లాంటి చోట్ల చలికాలంలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు పడిపోయిన రోజులున్నాయి. ఆయిలు చిక్కబడుతుంది, బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. రామగుండంలో తగిలిన దెబ్బ ఉట్నూరులో బయటపడుతుందన్నమాట!

సరే, వేలు పోసి కొత్త బ్యాటరీ వేయిస్తారు. మూడు రోజులు బండి తీయకపోతే అదీ పడుకుంటుంది. అప్పుడు అర్థం చేసుకోవాల్సింది ఒకటే... తాళం తీసేశాక కూడా ఏదో కరెంటు తాగుతోంది.

ఎంత తాగుతుందో చూడండి. 5 వాట్ల డిక్కీ బల్బు ఆరకుండా ఉండిపోతే 0.4 ఆంపియర్లు. రోజంతా అయితే దాదాపు 10 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా అక్కర్లేదు, రెండో రోజుకే సెల్ఫ్ మొరాయించొచ్చు. పక్కనే రామగుండం ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2,600 మెగావాట్లు ఇస్తుంటే, ఇక్కడ 5 వాట్లు కుటుంబాన్ని రోడ్డున నిలబెడతాయి!

ఇంతకీ దొంగను పట్టేదెలా? ఆ రోడ్ల మీద ఆటో ఎలక్ట్రికల్ దుకాణాల్లోని పాతకాలపు మేస్త్రీలకు మీటరు కూడా అక్కర్లేదు, రెండు వైర్లు అతికించిన చిన్న బల్బు చాలు. తలుపులన్నీ మూసి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పుతారు. ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య బల్బు పెడతారు. వెలిగిందా, దొంగ ఇంట్లో ఉన్నట్టే. ఒక్కో ఫ్యూజు పీకుతూ పోతారు. ఏది పీకితే బల్బు ఆరిపోతుందో ఆ లైనులోనే లీకు. తరచూ దొరికేది కంపెనీ బిగించిన సామాను కాదు, తర్వాత మనం ముచ్చటపడి పెట్టించుకున్న స్టీరియో, సెంట్రల్ లాకు, అలారం! తుప్పు పట్టిన డోర్ స్విచ్చూ తక్కువది కాదు.

ఫ్యూజులన్నీ తీసినా బల్బు వెలుగుతుంటే చూపు ఆల్టర్నేటర్ మీదికి మళ్లాలి. దానిలో డయోడ్ పాడైతే, పగలు బ్యాటరీని నింపేదే రాత్రి ఖాళీ చేస్తుంది. చాలామంది బ్యాటరీలు మార్చి మార్చి అలసిపోయేది ఇక్కడే. ఇంకొందరు పెద్దమనుషులు రోజూ పడుకునేముందు నెగటివ్ వైరు పీకేసి, పొద్దున్నే బిగిస్తారు. పని జరుగుతుంది కానీ దొంగ ఇంట్లోనే ఉంటాడు!

మీటరుతో చూసేవాళ్లు 10 ఆంపియర్ల రంధ్రంలో వైరు పెట్టాలి. అది ఉండగా సెల్ఫ్ కొడితే మీటరు ఫ్యూజు గోవిందా. కొత్త కార్లలో కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంటైనా ఆగాలి. ఆ తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే కంగారు అక్కర్లేదు.

నాగోబా జాతరకు మెస్రం వంశీయులు జన్నారం మండలంలోని హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లను కాలినడకన కేస్లాపూర్ తీసుకెళ్తారు. వాళ్లకు బ్యాటరీ గొడవ లేదు. పాత కారులో వెళ్లేవాళ్లు మాత్రం రెండు రోజులు ముందే మేల్కోవాలి. సాయంత్రం బండి ఆపి, రెండు మూడు గంటలాగి కొలిస్తే మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. తెల్లారి మళ్లీ కొలవండి. దాదాపు అంతే ఉంటే బయల్దేరొచ్చు. 12.2కు దిగితే సగం చార్జి పోయినట్టే. అడవి దారి పట్టేముందు, కరీంనగర్‌లోనే ఆ బల్బు మేస్త్రీని వెతుక్కోండి.