టీ గ్లాసుడు ఆయిల్

బండి నడుస్తోందంటే బాగున్నట్టేనని అనుకునేవాణ్ని. పోయిన వేసవిలో చిట్యాల దాటాక ఆ నమ్మకం పోయింది.

నకిరేకల్‌లో చిన్నమ్మ కూతురి పెళ్లి. హైదరాబాద్‌లో నా రూమ్‌కి వచ్చి ఉన్న అమ్మ, ‘బస్సుకు పోదాం రా’ అంది. ఎల్బీనగర్ నుంచి వంద కిలోమీటర్లే కదా, బైక్ మీదే పోదామని నేను పట్టుబట్టాను. అది నాన్న బండి. వంద సీసీ. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయనే తాళం చేతిలో పెట్టాడు.

చౌటుప్పల్ దాకా బాగానే ఉంది. చిట్యాల దాటాక పికప్ తగ్గింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి లాగట్లేదు. కాళ్లకు సెగ తగులుతోంది. ఎండాకాలం కదా అనుకున్నా. కాసేపటికి ఇంజిన్‌లో గరగరమని శబ్దం, ఆ వెంటనే వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి పక్కకు జారింది. వెనక లారీ హారన్. ఏం చేస్తున్నానో తెలీకుండానే క్లచ్ నొక్కాను. చక్రం వదులైంది. ఎలాగోలా రోడ్డు పక్కకు చేర్చాను.

అమ్మ దిగి, హెల్మెట్ తీసి మట్టిలోనే కూర్చుంది. ‘మంచినీళ్లున్నయా’ అని ఒక్క మాటే అడిగింది. ఆమె చేతులు వణుకుతున్నాయి. నావి కూడా.

అమ్మను బస్సెక్కించి, బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన కిక్ రాడ్ మీద కాలు పెట్టి చూశాడు. కదల్లేదు. కింద ట్రే పెట్టి ఆయిల్ బోల్టు విప్పాడు. దాదాపు లీటరు ఉండాల్సిన చోట టీ గ్లాసుడు వచ్చింది. నల్లగా, తారులా.

‘ఆయిల్ ఎప్పుడు మార్చినవ్ తమ్ముడూ?’

గుర్తు లేదు. ఆర్సీ జిరాక్స్ కోసం సైడ్ బాక్స్ తెరిస్తే నాన్న చిన్న నోట్‌బుక్ కనిపించింది. ఆయిల్ మార్చిన ప్రతిసారీ మీటర్ అంకె రాసి పెట్టాడు. చివరి అంకె 41,200. మీటర్ చూస్తే 49,000. అంటే నా చేతికొచ్చాక 7,800 కిలోమీటర్లు ఒక్కసారి కూడా ఆయిల్ మార్చలేదు.

‘అన్నా, ఎక్కడా లీకేజీ లేదు. మరి ఆయిల్ ఎటు పోయింది?’ అని అడిగాను.

‘పొగై పోయింది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ రాలేదా?’

వచ్చింది. నెలల తరబడి వచ్చింది. పాత బండి, మామూలే అనుకున్నా.

అప్పుడాయన ఇంజిన్ విప్పి చూపించాడు. పిస్టన్ నిండా గీతలు. నిమిషానికి కొన్ని వేలసార్లు పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య అడ్డం ఉండేది పల్చటి ఆయిల్ పొరే. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయకపోతే దుమ్ము లోపలికెళ్లి రింగులను అరగదీస్తుంది. రింగులు అరిగితే ఆయిల్ పైకెక్కి పెట్రోల్‌తో పాటే కాలిపోతుంది. ఆయిల్ తగ్గేకొద్దీ లోహానికి లోహం రాసుకుని వేడెక్కుతుంది. పిస్టన్ ఉబ్బి, సిలిండర్‌లో పట్టేస్తుంది. దాన్నే ఇంజిన్ సీజ్ అవడం అంటారు.

‘ఇంజిన్ ముందు నుంచే చెప్తది. మనమే వినం’ అన్నాడాయన.

నిజమే. మైలేజ్ అరవై నుంచి నలభై ఐదుకి పడింది. టకటకమనే శబ్దం కూడా ఉండే ఉంటుంది. నేను హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు వింటూ తిరిగాను.

బోరింగ్, కొత్త పిస్టన్, రింగులు, కూలీ కలిపి 8,500 రూపాయలు. నాలుగైదు వందల ఆయిల్ డబ్బా దగ్గర ‘వచ్చే నెల చూద్దాం’ అన్నందుకు. డబ్బు సరే, అమ్మ వెనక కూర్చుని ఉంది. ఆ లారీవాడు ఇంకాస్త దగ్గర్లో ఉంటే? ఇప్పటికీ ఆ హారన్ గుర్తొస్తే నిద్ర పట్టదు.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ‘అమ్మకేం కాలేదు గదా?’ అన్నాడు. బండి గురించి అడగలేదు.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ఆదివారం పొద్దున బండికి డబుల్ స్టాండ్ వేస్తా. ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలాగి ఆయిల్ గేజ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి చూస్తా. రెండు గీతల మధ్య ఉండాలి. కొన్ని బళ్లకు గేజ్ బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, మీ మాన్యువల్‌లో ఉంటుంది. ఆయిల్ ఏ గ్రేడో, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కూడా అందులోనే ఉంటుంది. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోయకండి. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, జారిపోతాయి.

పొద్దున స్టార్ట్ చేయగానే రయ్‌మని రేజ్ చేయను. ఆయిల్ పైదాకా ఎక్కడానికి అర నిమిషం ఇస్తా. ఇలాంటి బండి ఇంజిన్‌ను చల్లబరిచేది ఎదురుగాలే, కాబట్టి పెద్ద సిగ్నల్ దగ్గర ఆపేస్తా. నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ చూపిస్తా. వాన నీళ్లలో బండి మునిగి ఆగిపోతే మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయను. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నడుస్తుండగా ఎప్పుడైనా చక్రం బిగుసుకుంటే ముందు క్లచ్ నొక్కాలి. ఇది మాత్రం మీరూ గుర్తుపెట్టుకోండి.

కొత్త పిస్టన్ కదా, మొదటి వెయ్యి కిలోమీటర్లు యాభై దాటొద్దన్నాడు మెకానిక్. దాటలేదు. ఆ మొదటి ఆదివారం నాన్న ఊరి నుంచి వచ్చి, పాత బనీను గుడ్డ ఒకటి నా చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాడు. గేజ్ తుడిచి చూపించాను. తలూపాడు. నోట్‌బుక్ తీసి, ఆయన రాసిన 41,200 కింద 49,000 అని రాశాను.

ఇయర్‌ఫోన్స్ ఇప్పుడు బస్సులో మాత్రమే.