గన్నవరం నుంచి కోనేరు సెంటరుకి

విమానాశ్రయాల గురించి రాసే ఏ ప్రయాణ దీపికలోనైనా ఒక పేజీ తప్పకుండా ఉంటుంది: విమానం దిగినవాడు ఊరి నడిబొడ్డుకు ఎలా చేరుకోవాలి? రైలయితే ఇంత, బస్సయితే ఇంత, టాక్సీ అయితే ఇంత. పక్కనే నిమిషాలూ, రూపాయలూ. ఆ పట్టిక చూసి, జేబునూ ఓపికనూ బట్టి ఒకటి ఎంచుకోవడమే తరువాయి. మా బందరువాళ్ళకు ఆ పేజీ ఎందుకూ కొరగాదు. మా ఊరి నడిబొడ్డు కోనేరు సెంటరు. మాకు దగ్గరి విమానాశ్రయం గన్నవరం. రెంటికీ నడుమ అరవై, డెబ్బై కిలోమీటర్ల వరిపొలాలూ, కాలువగట్లూ ఉన్నాయి. పట్టికకెక్కని బంధుత్వాలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

ఇదైనా ఈమధ్య కలిగిన భాగ్యమే. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలయ్యేదాకా హైదరాబాదులో దిగడమంటే బేగంపేటలో దిగడమే. అక్కడికి బందరు నుంచి సుమో వేసుకొని వచ్చేవారు మావాళ్ళు. ఒక్క మనిషిని తీసుకువెళ్ళడానికి ఏడుగురు. తిరుగు ప్రయాణంలో ఆ ఏడుగురూ, నేనూ, నా రెండు పెట్టెలూ ఎక్కడ సర్దుకుంటామన్నది ఎవరికీ ముందుగా తట్టేది కాదు. ఎలాగో పట్టేవాళ్ళం. సూర్యాపేట దాటేసరికి అందరూ ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయేవారు, బండి నడిపే అతను తప్ప. అతను కూడా నిద్రపోవచ్చునన్న ఆలోచన నాకు ఆ రోజుల్లో వచ్చేది కాదు.

గన్నవరం మైదానం రెండవ ప్రపంచయుద్ధం నాటిది. ఎన్నో ఏళ్ళు అది పేరుకు మాత్రమే విమానాశ్రయంగా ఉంది. 2003లో ఎయిర్ డెక్కన్ వారి చిన్న విమానాలు రావడం మొదలయ్యాక మళ్ళీ కాస్త కళ వచ్చింది. 2017లో కొత్త టెర్మినలూ, అంతర్జాతీయ హోదా వచ్చాయి. 2018 డిసెంబరులో సింగపూరుకు తొలి విదేశీ విమానం ఎగిరింది. ఆ వార్త విన్నరోజు అమ్మ ఫోనులో, "ఇంక నువ్వు మన గుమ్మంలోనే దిగొచ్చుటగా!" అన్నది. గుమ్మానికీ గన్నవరానికీ ఉన్న దూరం ఆవిడకు తెలియక కాదు, సంతోషం పట్టలేక.

తమాషా ఏమిటంటే, ఒకప్పుడు ఈ ప్రశ్న తలకిందులుగా ఉండేది. పదిహేడవ శతాబ్దంలో మా ఊరే రేవు. ఓడ దిగినవాడు అక్కడినుంచి రాజధాని గోలకొండకు ఎలా పోవాలా అని ఆలోచించుకునేవాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో మచిలీపట్నంలో దిగాడు. గోలకొండకూ మచిలీపట్నానికీ మధ్య చక్రాల బళ్ళు తిరగవని తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. దారి పొడుగునా కొండలూ, చెరువులూ, ఏళ్ళూ అడ్డమట. సామాన్లకు ఎద్దులూ గుర్రాలే గతి అట. తాను ఒక చిన్న బండిని వజ్రాల గనుల దాకా తీసుకువెళ్ళాడట గాని, గడ్డు చోట్లన్నిటా దాన్ని విప్పదీసి దాటించవలసి వచ్చిందట. మూడున్నర శతాబ్దాల తర్వాత ఆ వైపు నుంచి వచ్చే దారి జాతీయ రహదారి 65 అయింది. పుణెలో మొదలై, హైదరాబాదు మీదుగా వచ్చి మా బందరులో ముగుస్తుంది. మధ్యలో ఎంత మంది దిగిపోయినా చివరిదాకా వచ్చేది మేమే.

సరే, అసలు విషయానికి వద్దాం. గన్నవరంలో దిగిన బందరువాడికి ఉన్న దారులేమిటి?

మొదటిది రైలు. గన్నవరానికి స్టేషను ఉంది గాని అది ఏలూరు లైను మీద ఉంది. బందరు రైలు బెజవాడ నుంచి ఉప్పులూరు, గుడివాడ, గుడ్లవల్లేరు, పెడన మీదుగా పోతుంది. అంటే తూర్పుకు పోవలసినవాడు ముందు పడమరకు బెజవాడ వెళ్ళి, అక్కడ బండి పట్టుకొని మళ్ళీ తూర్పుకు తిరగాలి. గుడివాడ మీదుగా ఈ లైనును రెండు వరుసలు చేసి, విద్యుదీకరించారు కూడా. అయినా రైలు వేళ విమానం వేళతో కలవడం లాటరీ తగలడం వంటిది. పెట్టెలు లేని మనిషికీ, తొందర లేని మనిషికీ ఇంతకంటే మంచి ప్రయాణం లేదు. కౌతరం దగ్గర కిటికీలోంచి వచ్చే పచ్చి వరి వాసనకు టిక్కెట్టు వేరే కొననక్కరలేదు.

రెండవది బస్సు. విమానాశ్రయం హైవే పక్కనే కనుక, ఇరవై కిలోమీటర్ల దూరంలోని బెజవాడ చేరడం కష్టం కాదు. రామవరప్పాడు రింగు దాటి బెంజి సర్కిలు దగ్గర దిగితే బందరు బస్సులన్నీ అటే వస్తాయి. తెలిసినవాళ్ళు అలాగే ఎక్కుతారు. కాని పెట్టెలున్నవాళ్ళకు నా సలహా వేరు: నెహ్రూ బస్టాండు దాకా పోండి. బెంజి సర్కిలు దగ్గరకు వచ్చేసరికి సీట్లు నిండిపోయి ఉంటాయి. బస్టాండులో నాన్‌స్టాపు ఎక్కి కూర్చుంటే కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కిపోతాయి. రోడ్డు నాలుగు వరుసలయ్యాక ప్రయాణం బాగా తేలికపడింది. దివిసీమ మిత్రులు పామర్రులోనే మా దారి విడిచి చల్లపల్లి, మోపిదేవి వైపు తిరిగిపోతారు.

మూడవది అద్దె కారు. కౌంటరులో మాట్లాడుకోవచ్చు, ఫోనులోనూ పిలవవచ్చు. ఉప్పులూరు మీదుగా పొలాల్లోంచి కంకిపాడు దగ్గర బందరు రోడ్డెక్కే అడ్డదారి ఒకటి ఉంది. పగలు అది అందమైన దారే. రాత్రి మాత్రం డ్రైవరు ఎంత చెప్పినా సరే, బెజవాడ చుట్టి పెద్ద రోడ్డు మీదే పొమ్మనండి.

ఇక నాలుగవది మనవాళ్ళు రావడం. ప్రయాణ దీపికలలో ఉండనిది ఇదొక్కటే. నిజానికి ఎంపిక అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మా వీధిలో ఒక ఇల్లుంది. 2011లో ఆ ఇంటి అబ్బాయి విదేశం నుంచి వస్తూంటే అతని మేనమామ స్వయంగా కారు నడుపుకుంటూ హైదరాబాదు వెళ్ళాడు. పొద్దున్నే బయలుదేరి వెళ్ళి, విమానం ఆలస్యమైతే అక్కడే కాచుకొని, విశ్రాంతి లేకుండా రాత్రికి రాత్రే వెనక్కి బయలుదేరాడు. తెల్లవారుజామున రోడ్డు పక్క ఆగి ఉన్న లారీ ఒకటి ఆయనకు కనబడలేదు. అబ్బాయి పోయాడు. మేనమామ బతికాడు. ఆయనను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఇంటి అరుగు మీద కూర్చోగా నేను చూడలేదు. వీధి మలుపులో చెప్పులు విడిచి, అక్కగారు కనబడితే పలకరించి, నిలబడే వెళ్ళిపోయేవాడు.

మా నాన్న పోయాక మొదటిసారి ఊరికి బయలుదేరినప్పుడు బాబాయి ఫోను చేశాడు. ఆయనకు డెబ్బై దాటాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండోది కావలసి ఉంది. నా విమానం గన్నవరానికి రాత్రి తొమ్మిదింటికి.

"ఒరేయ్ అబ్బాయ్, నేను కారు తీసుకొస్తున్నా. నువ్వేం వేరే ఏర్పాట్లు పెట్టుకోకు."

"వద్దు బాబాయ్. రాత్రిపూట నువ్వెందుకు శ్రమపడటం? నేను వచ్చేస్తాగా."

కాసేపు మాట లేదు. ఆ తర్వాత, "మీ నాన్న ఉంటే ఆయన్నీ ఇలాగే వద్దనేవాడివా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. నాన్ననైనా వద్దనేవాణ్ణే. కాని ఆ మాట చెప్పాలంటే ఆ మేనమామ సంగతి ఎత్తాలి, బాబాయి కళ్ళ సంగతి ఎత్తాలి. తమ్ముడి హోదాలో అన్న కొడుకును ఇంటికి తీసుకువచ్చే మనిషితో, నీకు చూపు ఆనదు అని ఫోనులో ఎలా చెప్పడం? నా ప్రాణం గురించిన భయం కొంత. నాకేమన్నా అయితే ఆయన మిగిలిన బతుకంతా ఎవరి అరుగూ ఎక్కకుండా గడపవలసి వస్తుందన్న భయం అంతకంటే ఎక్కువ. ఇది ఆయనకు చెప్పగలిగిన మాట కాదు.

అమ్మకు చెప్పాను. ఆవిడ అంతా విని, "చూపు మాట వాడి దగ్గర ఎత్తకురా. నువ్వు పగటిపూట దిగే టిక్కెట్టు కొనుక్కో. బస్సెక్కి రా. వాణ్ణి బస్టాండుకి నేను పంపిస్తా," అన్నది.

అంతే. రాత్రి విమానం మార్చుకొని, హైదరాబాదులో ఒక రాత్రి పడుకొని, మర్నాడు ఉదయం గన్నవరంలో దిగాను. కొంత సొమ్ము అదనంగా అయింది. బెజవాడలో నాన్‌స్టాపు ఎక్కి, ఎండ ముదరకముందే బందరులో దిగేసరికి బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకొని స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. పెట్టెల కోసం ఆటో కూడా ముందే మాట్లాడి పెట్టాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకొని, ఆటోను మా వెనకే రమ్మని, కోనేరు సెంటరు మీదుగా నింపాదిగా పోనిచ్చాడు. తెలిసినవాళ్ళు కనబడిన చోటల్లా ఆపి, "మా అన్నయ్య కొడుకు. తీసుకొస్తున్నా," అని చెప్పాడు. పది నిమిషాల దారికి ముప్పావుగంట పట్టింది.

అప్పటినుంచి ఇదే మా ఇంటి పద్ధతి. పొడుగు దారి బస్సుది, చివరి రెండు కిలోమీటర్లు బాబాయివి. మీలో ఊరికి బయలుదేరేవాళ్ళకు నేను చెప్పగలిగిందల్లా ఒకటే. వాహనం ఎంచుకోవలసింది విమానం దిగాక కాదు, టిక్కెట్టు కొనేటప్పుడు. పగలు దిగేలా చూసుకోండి. రాత్రే దిగక తప్పకపోతే బెజవాడలో పడుకోండి. ఇంత దూరం వచ్చి ఇంటికి రాకుండా అక్కడ పడుకున్నావా అని ఇంట్లోవాళ్ళు నిష్ఠూరమాడితే పడండి. ఎదురొస్తామన్న పెద్దవాళ్ళను మాత్రం పూర్తిగా వద్దనకండి. బస్టాండుకి రమ్మనండి. రెండో కంటి ఆపరేషను కూడా అయిపోయిందని, ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయని మొన్న బాబాయి ఫోనులో చెప్పాడు. గన్నవరం మాట మాత్రం ఎత్తలేదు. ఏ బస్సుకు వస్తున్నావని అడిగాడు.