చెప్పులేసుకుని ముట్టుకునే కూలర్

మే నెల వచ్చిందంటే భిలాయి పక్కనున్న మా జాముల్‌లో కిటికీ కిటికీకీ ఒక రేకు కూలర్ బిగుస్తుంది. మూడు పక్కలా గడ్డి తడికలు, అడుగున నీళ్లు, ఆ నీళ్లలో మునిగి చిన్న పంపు. 45 డిగ్రీల ఎండలో ఏసీ లేని ఇంటికి అదే దిక్కు. 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన నాటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మన కుటుంబాలు ఎన్నో. అందరి ఇళ్లలోనూ ఒక మాట వినిపిస్తుంది: "కొద్దిగా కొడతాది, చెప్పులేసుకుని ముట్టుకో." చిన్నపిల్లలకి కూడా ఇలాగే చెబుతారు. నాకు ఆ మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది.

మా మెయిన్ బోర్డులో లీకేజీ పట్టే స్విచ్ ఉంది. ఆర్‌సీసీబీ అంటారు. ఈ వేసవిలో అది సాయంత్రమయ్యేసరికి టప్పున పడిపోవడం మొదలైంది. పైకెత్తితే కాసేపుండి మళ్లీ పడిపోయేది. "ఏటే అమ్మీ, మళ్లీ పోనాదా? మా ఇంట్లో శుభ్రంగా ఉందే!" అంది పక్కింటి పిన్ని. వచ్చిన మిస్త్రీ కూడా "స్విచ్ వీకైపోయింది దీదీ, తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తా" అన్నాడు. వద్దన్నాను.

ఆ స్విచ్ చేసే పని ఒక్కటే. ఫేజులో ఎంత కరెంటు వెళ్లిందో న్యూట్రల్‌లో అంతా తిరిగొచ్చిందా అని చూస్తుంది. తేడా 30 మిల్లీయాంపులు దాటితే, కొన్నిసార్లు అంతకన్నా ముందే, రెప్పపాటులో కట్ చేస్తుంది. లైనులో కరెంటు మరీ ఎక్కువైతేనే పడే మామూలు ఎంసీబీకి ఈ లెక్క పట్టదు. 16 యాంపుల ఎంసీబీకి 30 మిల్లీయాంపులంటే సుమారు అయిదువందో వంతు, దాన్ని ఖాతరు చేయదు. మనిషి ప్రాణం పోవడానికి మాత్రం ఆ కొంచెమే ఎక్కువ. అమెరికాలో బర్కిలీ ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ మనుషుల మీదే పరీక్షలు చేసి, చేతికంటుకున్న తీగను ఎంత కరెంటు దాకా వదిలించుకోగలరో కొలిచాడు. మగవాళ్లకి సగటున 16 మిల్లీయాంపులు, ఆడవాళ్లకి పదిన్నర. అది దాటితే పిడికిలి బిగుసుకుపోతుంది. తర్వాత 1961లో, లీకేజీ కనిపెట్టి కట్ చేసే ఒక పరికరాన్ని ఆయన తయారుచేశాడు.

వెతకడం మొదలుపెట్టాం. ఎంసీబీలన్నీ దించి, ముందు ఆర్‌సీసీబీని ఎత్తాం. నిలబడింది. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటీ ఎత్తుతూ పోతే ముందు గది లైనుకి పడింది. ఆ గదిలో స్విచ్‌లన్నీ ఆపినా మళ్లీ పడింది. చాలామంది ఇక్కడే తికమకపడి ఆర్‌సీసీబీని తిడతారు. గోడ మీది స్విచ్ ఫేజును మాత్రమే ఆపుతుంది. న్యూట్రల్ తీగ ఎర్త్‌కి తగులుతుంటే, స్విచ్ ఆపినా లీకేజీ పోదు. ప్లగ్గులే ఊడబీకాలి. కూలర్ ప్లగ్గు తీశాక ఆర్‌సీసీబీ కదలకుండా నిలబడింది. కూలర్‌లో ఫ్యాన్ ఒక్కటీ నడిపితే ఏమీ కాలేదు, పంపు కలపగానే పడింది. పంపు బయటికి తీసి చూస్తే వైరు లోపలికి దిగే చోట సీలు పగిలి, సన్నటి చీలికలో తడి మెరుస్తోంది. పగలు ఫ్యాన్ మాత్రమే వేసుకుని, సాయంత్రం నీళ్లు నింపి పంపు కలుపుతాం కాబట్టి స్విచ్ ఆ వేళకే పడేది. పంపు మార్చాం. మళ్లీ పడలేదు.

ఇక పిన్ని ఇంటి సంగతి. వాళ్ల బోర్డులో ఎంసీబీలే ఉన్నాయి, కూలర్‌కి రెండు పిన్నుల ప్లగ్గు. "కొట్టదులే, జివ్వంటాదంతే" అంది. కూలర్ రేకుకి టెస్టర్ ఆనిస్తే ఎర్రగా వెలిగింది. మా ఇంట్లో కరెంటు పోవడం, వాళ్ల ఇంట్లో పోకపోవడం వెనక ఉన్న అసలు సంగతి అది: లీకేజీ వాళ్లకీ ఉంది, దాన్ని పట్టే స్విచ్ లేదు. మిస్త్రీ మూడు పిన్నుల ప్లగ్గు వేయబోయి బోర్డు విప్పితే, ఎర్త్ రంధ్రం వెనక తీగే లేదు! ఎర్త్ లేకపోయినా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది, కానీ మనిషి ముట్టుకుని, షాక్ తగిలాకే. ఎర్త్ ఉంటే లీకైన కరెంటు రేకు నుంచి భూమిలోకి పోతుంది, ఎవరి చెయ్యీ పడకముందే స్విచ్ పడిపోతుంది. అందుకే రెండూ కావాలని పిన్నిని పట్టుబట్టి ఒప్పించాను. పెరట్లో గొయ్యి తవ్వి పైపు దింపి, బొగ్గూ ఉప్పూ వేయించాలి, వేసవిలో అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. మెయిన్‌లో ఆర్‌సీసీబీ పెట్టించాలి, దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి పడుతోందో లేదో చూసుకోవాలి. ఫేజూ న్యూట్రలూ రెండూ ఒకేసారి పట్టుకున్నవాణ్ణి ఆ స్విచ్ కూడా కాపాడలేదని పిన్నికి విడిగా చెప్పాను. పని పూర్తయ్యేదాకా ఆ కూలర్ వాడొద్దన్నాను. ఆ మధ్యాహ్నమే పిన్ని దాని ప్లగ్గు పీకి, వైరు చుట్టి, మనవడికి అందనంత ఎత్తున పెట్టింది.