ముల్లు చెప్పే మాట

పార్వతీపురంలో మా మేనకోడలి పెళ్ళికి వెళ్ళినప్పుడు, మగపెళ్ళివారి తరపు పెద్దాయన ఒకరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "తమరేం చేస్తుంటారు?" అని అడిగారు. "రాయగడ దగ్గర ఇన్‌స్ట్రుమెంట్ సూపర్‌వైజర్నండీ" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "అలాగా! సన్నాయా, డోలా?" అన్నారు.

ఆయన్నని ఏం లాభం? 1981లో అప్రెంటిస్‌గా చేరి 2018లో రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో నా పనేమిటో మా ఇంట్లోవాళ్ళకే సరిగా తెలీదు. "మీటర్లు బాగుచేస్తారు" అని చెప్పేది మా ఆవిడ. ఆ మాట పట్టుకుని వీధిలో ఎవరింట్లో కరెంటు మీటరు ఆగినా మా గుమ్మం తట్టేవారు.

ఫ్యాక్టరీ అంటే ట్యాంకులు, గొట్టాలు, బాయిలర్లు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. ఎంత వేడెక్కింది, ఎంత ఒత్తిడి ఉంది, ఎంత మట్టం వచ్చింది, ఎంత పారుతోంది – ఈ నాలుగూ బయటికి తెలియాలి. తెలిశాక ఫలానా వాల్వు ఇంత తెరుచుకోవాలి, ఇంత మూసుకోవాలి. ఆ చెప్పేవాటినీ, విని చేసేవాటినీ బతికించి ఉంచడమే మా ఉద్యోగం. వాటికింద స్పానరు పట్టుకుని పాకేవాడు టెక్నీషియను. ఎవర్ని ఏ నిచ్చెన ఎక్కించాలో, ఏ ఫిర్యాదు ముందు చూడాలో తేల్చి, చివరికి అందరిచేతా తిట్లు తినేవాడు సూపర్‌వైజరు.

మా ప్రాంతంలో తెలుగువాళ్ళు ఈ పనిలోకి ఎక్కువగా రావడానికి కారణముంది. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా ఈ కోరాపుట్ సీమంతా విశాఖపట్నం జిల్లాలోదే. గీత మారింది, మనుషులు ఉన్నచోటే ఉన్నారు. ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఒడియా పరీక్ష గట్టెక్కాలి. ఇంట్లో తెలుగు, బళ్ళో తెలుగు చదివిన మా తరానికి అది అంత సులువు కాలేదు. ఇంతలో ఫ్యాక్టరీలు వచ్చాయి. 1962లో జేకేపూర్ కాగితం మిల్లు, 1964లో సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం, థేరుబలిలో ఫెర్రో ఎల్లాయిస్, 1986లో దామన్‌జోడిలో నాల్కో వారి అల్యూమినా. అక్కడ అడిగేది ఒకటే: పని వచ్చునా, రాదా? నేను రెండు మూడు చోట్ల పనిచేశాను. ఏది ఎక్కడ జరిగిందన్నది ఇక్కడ అనవసరం గనక పేర్లు చెప్పను.

మా షాపులో భాష ఒక కిచిడీ. రాయగడ తెలుగు, ఒడియా, హిందీ, కంధ కుర్రాళ్ళ కువి, అన్నీ ఒకే వాక్యంలో దొర్లేవి. గడియారంలోనైనా గేజిలోనైనా తిరిగేదాన్ని మనం ముల్లు అంటాం. ఒడియావాళ్ళు కొంటా అంటారు. రెండిటికీ అర్థం కాలికి గుచ్చుకునేదే.

నాకు పని నేర్పిన ఫోర్‌మన్‌గారిది బొబ్బిలి పక్క. అప్పట్లో మా సాధనాలన్నీ గాలితో నడిచేవి. సన్నటి రాగి గొట్టాల్లో గాలి మూడు పౌండ్ల నుంచి పదిహేను పౌండ్లదాకా ఒత్తిడి మారుతూ కబురు మోసేది. ట్యాంకు ఖాళీ అయితే మూడు, నిండితే పదిహేను. "సున్నా నించి మొదలెట్టొచ్చు కదండీ గురువుగారూ, మూడెందుకు?" అని అడిగాను. చేతిలో బీడీ ఆర్పి (ప్లాంటులో బీడీ కాల్చడానికి ఆయనొక్కడికే అనధికారంగా ఒక మూల ఉండేది) ఇలా అన్నారు:

"ఒరే, సున్నా వచ్చిందనుకో. టేంకు కాళీ అయిందా, గొట్టం తెగిందా? ఎలా తెలుస్తాది? కాళీ టేంకు కూడా బతికే ఉన్నానని చెప్పాలి. అందుకీ మూడు. ముల్లుకేటి తెలుసురా? దానికి తెలిసింది గొట్టంలో గాలొక్కటే. టేంకు సంగతి నువ్వెళ్ళి చూసుకోవాలి."

తరవాత గాలి పోయి కరెంటు సంకేతాలు వచ్చాయి. అవీ నాలుగు మిల్లీఆంపియర్ల నుంచే మొదలై ఇరవై దాకా పోతాయి. కారణం అదే. ఆ తరవాత కంప్యూటర్లు వచ్చి ముళ్ళన్నీ తెరమీద అంకెలైపోయాయి. అంకె దగ్గర ఒక చిక్కుంది. ముల్లు వణికితే మనిషి అనుమానిస్తాడు. అంకెను చూస్తే నమ్మేస్తాడు.

కాగితం గుజ్జయినా, కాస్టిక్ ద్రవమైనా సాధనాలకి శత్రువులే. గుజ్జు నార పేరుకుని సన్నగొట్టాల నోరు మూసేస్తుంది. వేడి కాస్టిక్ చల్లారినచోట రాయిలా గట్టిపడుతుంది. అలా నోరు మూసుకుపోయినప్పుడు సాధనం ఆగిపోదు. లోపల చిక్కుకున్న ఒత్తిడినే పట్టుకుని, ఏ గంటకు చూసినా అదే అంకె చెబుతూ కూర్చుంటుంది. బతికున్న ట్యాంకు మట్టం కాస్త ఊగుతుంది, ఊపిరి తీసినట్టు. రాత్రంతా తిన్నగా గీత గీస్తే సంతోషించకూడదు.

1999 వానాకాలంలో ఒక రాత్రి షిఫ్టు. వేడి కాస్టిక్ ట్యాంకొకటి. దాని మట్టం తెరమీద 62 శాతం చూపిస్తోంది. ట్యాంకు పైభాగంలో వేరే స్విచ్చి ఒకటి ఉంటుంది, పొంగబోయే ముందు పంపు ఆపేయడానికి. ఆ స్విచ్చి గంటలో నాలుగుసార్లు పంపు ఆపింది. షిఫ్టు ఇన్‌ఛార్జి ఫోన్లో మండిపడ్డాడు. "మట్టం 62 ఉంటే నీ స్విచ్చి నిండిందంటుందేమిటి? పాడైపోయింది. జంపర్ వేసెయ్. పొద్దున్న చూసుకుందాం."

జంపర్ అంటే చిన్న వైరు ముక్క. అది వేస్తే స్విచ్చి ఎంత అరిచినా పంపుకి వినపడదు. అర నిమిషం పని. రిజిస్టరులో సంతకం పెట్టండి, వేస్తానన్నాను. "ఒక్క వైరుకి రిజిస్టరేమిటి? ఉత్పత్తి నష్టం నువ్విస్తావా?" అన్నాడు. నేను వెనక్కెళ్ళి తెరమీద గీత చూశాను. పంపు నడిచినంతసేపూ 62, ఆగినంతసేపూ 62. పంపు పోస్తుంటే మట్టం కదలదా అని గదిలో ఒక్కరికీ తట్టలేదు.

నా దగ్గర అప్పుడు ఒక కంధ కుర్రాడు హెల్పరుగా ఉండేవాడు. డిప్ టేపు, టార్చిలైటు ఇచ్చి పైకి పంపాను. వానలో ఆ నిచ్చెనెక్కడం మాటలు కాదు. పైనుంచి కేకేశాడు: "సార్, భొర్తి! పూరా భొర్తి!" జానెడు తక్కువగా అంచుదాకా ఉంది. ట్యాంకు కింద కాలవలో ముగ్గురు కాంట్రాక్టు కూలీలు బురద తీస్తున్నారు. వాళ్ళని ముందు అవతలికి రమ్మన్నాం.

పొద్దున్న గొట్టం విప్పితే నోట్లో వేలెడు మందం రాయి. లాగ్‌బుక్కులో షిఫ్టువారు రాసింది: "ఇన్‌స్ట్రుమెంట్ లోపం, సరిచేయబడింది." అబద్ధం కాదు. ఇన్‌స్ట్రుమెంటే తప్పు చెప్పింది, కాకపోతే ఆయన తిట్టినది కాదు, నమ్మినది. ఆ కుర్రాడి పేరు ఎక్కడా రాయలేదు. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇది మా మూలకే పరిమితమైన గొడవ కాదు. 1979 మార్చిలో అమెరికాలో త్రీమైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. పానెల్ మీద దీపం మాత్రం మూసుకున్నట్టే చూపించింది. ఎందుకంటే ఆ దీపానికి తెలిసింది 'మూసుకో' అని ఆజ్ఞ వెళ్ళిందన్న సంగతి ఒక్కటే. వాల్వు ఆజ్ఞ పాటించిందో లేదో దానికి తెలీదు. రెండు గంటల పైచిలుకు రియాక్టరును చల్లబరచాల్సిన నీరు పోతూనే ఉంది. మనకి దగ్గరిది విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడి పన్నెండుమంది పోయారు. ఆ ట్యాంకులో వేడి కొలిచే సాధనం అడుగునే ఉందనీ, నడిమీ పైభాగమూ ఎంత వేడెక్కాయో కొలిచే ఏర్పాటే లేదనీ ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. పేపర్లో అది చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. అడుగున ఉన్న సాధనం తన చోటు సంగతే చెప్పగలదు. పైన ఏమవుతోందో దాన్ని ఎవరూ అడగలేదు, అడిగేందుకు దారీ పెట్టలేదు.

ఇప్పుడు సాధనాలు తెలివిమీరాయి. తమకి జబ్బు చేస్తే తామే కబురు పెట్టేవి కూడా వచ్చాయి. మంచిదే. కానీ మనుషుల సంగతి వేరుగా ఉంది. మా కాలంలో పదేళ్ళు ఒకే లూపు చూసినవాడికి దాని దగ్గూ తుమ్మూ తెలిసేవి. ఇప్పుడు చాలాచోట్ల ఏడాది కాంట్రాక్టు. ట్యాంకు పరిచయమయ్యే సరికి మనిషి మారిపోతాడు. గేజి విప్పకుండానే కాలిబ్రేషన్ చీటీ మీద కొత్త తారీఖు వేసిన సందర్భాలు నా కళ్ళతో చూశాను. ఆ చీటీ నమ్ముకుని నిచ్చెన కింద ఎవరో నిలబడతారు.

మా తమ్ముడి కూతురు ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేసి ఈ పనిలోకే వచ్చింది. మా తమ్ముడికి ఇష్టం లేదు. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చుంటే ఇంతకి రెండింతలొస్తాయని వాడి లెక్క. లెక్క తప్పు కాదు. "అన్నయ్యా, నువ్వయినా చెప్పు దానికి" అన్నాడు. నేను చెప్పలేదు. మొన్న ఫోను చేసింది. "పెదనాన్నా, ఒక లెవెలు రెండ్రోజుల్నించి కదలట్లేదు. అడిగితే అది ఎప్పుడూ అంతేనంటున్నారు. ఎక్కి చూశాను, మూతి మూసుకుపోయింది."

బాగుందమ్మా అన్నాను. ఎలా ఎక్కావని అడిగాను. స్టోర్లో ఆడవాళ్ళ సైజు సేఫ్టీ బూట్లు లేవట. ఎనిమిదో నెంబరు బూట్లలో రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని ఎక్కుతోంది. ఇండెంటు రాయమన్నాను. రాసి మూడు నెలలైందట.