బొగ్గు ఊళ్ళో పాత జీపు

ఖమ్మంనుంచి భద్రాచలం పోయే దారిలో కొత్తగూడెం అనే ఊరున్నది. మీరు రైలులో వస్తే ఇక్కడ ఒక తమాషా చూస్తారు. ఊరు పేరు కొత్తగూడెం, స్టేషను పేరు మాత్రం చాలాకాలంగా "భద్రాచలం రోడ్". రాములవారి భద్రాచలం అక్కడికి ఇంకా 40 కిలోమీటర్లు! మిగతా దూరమంతా రోడ్డుమీద పోవలసిందే. ఆ రోడ్డు పాల్వంచ మీదుగా గోదావరి ఒడ్డుకు చేరుతుంది. 1965లో వంతెన వచ్చేదాకా అక్కడ పడవ ఎక్కి నది దాటేవారు.

కొత్తగూడెం మన బొగ్గుకు పుట్టినిల్లు కాదుగాని, మెట్టినిల్లు అనవచ్చు. 1871లో డాక్టర్ విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర నేలలో బొగ్గు ఉన్నదని కనుక్కున్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలయింది. ఆ గనుల కంపెనీకి 1920లో సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. ఇప్పుడు దాని ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలోనే ఉన్నది. 2016లో ఈ ఊరు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు ముఖ్యపట్టణం కూడా అయింది. బొగ్గు ఉన్నచోట యంత్రాలుంటాయి. యంత్రాలున్నచోట వాటిని విప్పి బిగించే చేతులుంటాయి.

ఊరి పక్కనే ముర్రేడు వాగు పారుతుంది. కాస్త దూరం పోతే కిన్నెరసాని అడవులు వస్తాయి. టేకు, వెదురు, తునికి, ఇప్ప చెట్ల మధ్య ఎర్రమట్టి బాటలు. వానాకాలంలో ఆ మట్టి సబ్బులాగా జారుతుంది. వాగు పొంగితే దారి తెగిపోతుంది. ఇలాటి చోట్లకు తగిన బండి ఏదంటే, అందరికీ ముందు జ్ఞాపకం వచ్చేది జీపు.

జీపు పుట్టింది యుద్ధంకోసం. 1940లో అమెరికా సైన్యం బురదలోనూ ఇసుకలోనూ పోగల చిన్న బండి కావాలని కంపెనీలను అడిగింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి బండి తయారుచేసింది. తరవాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు 1945లో యుద్ధం ముగిసేలోగా 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. మన దేశంలో 1947 నుంచి మహీంద్రా వారు బొంబాయిలో విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బిగించసాగారు. ఆ పాత జీపులకు స్టీరింగు ఎడమవైపు ఉండేది. అందుకే వెనక వచ్చేవారికి తెలిసేటట్టు బండి వెనక ఆ సంగతి రాయించేవారు.

అలాటి జీపు ఒకటి ఎన్నో ఏళ్ళుగా ఎవరి దొడ్లోనో చింతచెట్టు కింద పడి ఉన్నదనుకోండి. చక్రాలు సగం మట్టిలో ఉన్నాయి. సీట్లలో ఉడతలు కాపురం పెట్టాయి. "చవగ్గా ఇస్తాం, తీసుకుపొండి" అన్నారు. దాన్ని మన ఇంటికి తెచ్చి బాగుచేయవచ్చునా?

చేయవచ్చు. కాని డబ్బు ఇచ్చేముందు రెండు సంగతులు చూడాలి. మొదటిది, కాగితాలు. ఇంజనుమీద ఒక నంబరు, చట్రంమీద ఒక నంబరు ఉంటాయి. ఆ రెండూ రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్నవేనా అని సరిచూడాలి. లేకపోతే అది దొంగబండి కావచ్చు. సొంతబండికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళదాకా చెల్లుతుంది. ఆ తరవాత 5 ఏళ్ళకొకసారి బండిని పరీక్ష చేయించి కొత్తది తీసుకోవాలి. రెండవది, చట్రం. పైరేకు తుప్పుపట్టిపోతే మార్చవచ్చు. కాని చట్రం బండికి వెన్నెముక. కింద దూరి సుత్తితో మెల్లిగా తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది. పుచ్చిన ఇనుము డొల్లగా మోగి, పెచ్చులు రాలుతుంది. చట్రం అంతా అలా ఉంటే ఎంత చవకయినా ఆ బండిమీద ఆశ వదులుకోవటమే లాభం.

బండి ఇంటికి వచ్చింది. "నాన్నా, ముందు ఇంజను స్టార్టు చేసి చూద్దామా?" అంటుంది అమ్మాయి. అందరికీ వచ్చే కోరికే అది! కాని తెలిసిన నాన్న ఏమంటాడంటే, "ముందు దీనికి ఆగటం నేర్పుదాం, తల్లీ. నడవటం తరవాత నేర్పుదాం."

ఆ మాటలో ఎంత అర్థమున్నదో చూడండి. జీపు బ్రేకులో నూనెలాంటి ద్రవం ఒకటి ఉంటుంది. సూదులు తీసేసిన రెండు సిరంజిలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, తెచ్చి వాటిని నీళ్ళతో నింపి సన్నని గొట్టంతో కలపండి. చిన్నదాన్ని నొక్కితే పెద్దది పైకి లేస్తుంది. పెద్దదాన్ని మీ తమ్ముడు బలంగా అదిమి పట్టినా, మీరు తేలికగా గెలుస్తారు! ద్రవంమీద వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చెప్పాడు. పెడలుమీద కాలు వేస్తే ఆ ఒత్తిడే నాలుగు చక్రాలకూ పోయి బ్రేకు పడుతుంది.

కాని పాత జీపులలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే దారి. ఎక్కడో ఒకచోట రబ్బరు ఎండి ద్రవం కారిపోతే, నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి! పైగా ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్రేకు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరి అవుతుంది. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు కాలు అడుగంటా దిగుతుంది, బండి మాత్రం ఆగదు. అంచేత గొట్టాలు, రబ్బరులు, ద్రవం అన్నీ కొత్తవి వేయాలి. ఈ పని తెలిసిన మెకానిక్కు చేత చేయించటమే మంచిది. పాత బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. దాన్ని ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పిల్లలు ఆ దరిదాపుల ఉండకూడదు.

మరి పిల్లలకు పని లేదా? అన్నిటికన్న ముఖ్యమైన పని ఒకటున్నది. బండి విప్పటం సులభం, తిరిగి బిగించటం కష్టం. ప్రతి బోల్టూ ఎక్కడిదో రాసి, ఆ చీటీతో సహా వేరు వేరు డబ్బాల్లో వేయాలి. విప్పకముందు భాగం ఎలా ఉన్నదో నోటుపుస్తకంలో బొమ్మ వేయాలి. ఆరునెలల తరవాత నాన్నకూ మేస్త్రీకీ ఆ పుస్తకమే దిక్కు.

బోల్టులు ఎందుకు బిగుసుకుపోతాయి? ఇనుము గాలితోనూ నీటితోనూ కలిసి తుప్పు అవుతుంది. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే మర సందుల్లో అది ఉబ్బి పట్టేస్తుంది. బలంకొద్దీ తిప్పితే బోల్టు విరుగుతుంది. కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిస్తే మర్నాడు మాట వింటుంది. తుప్పును తీగబ్రష్షుతోనూ గరుకు కాగితంతోనూ గోకి, అదేరోజు రెడ్ ఆక్సైడు పూయాలి. తెల్లారేదాకా ఆగితే మంచు తేమకు కొత్త తుప్పు మొదలవుతుంది.

ఇక ఇంజను. ఏళ్ళతరబడి ఆగిన ఇంజనులో పిస్టనులు సిలిండరులకు అతుక్కుపోతాయి. తాడు కట్టి లాగితే లోపల విరుగుతాయి. ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క రంధ్రంలో కొంచెం నూనె పోసి, కొన్నాళ్ళు ఓపికపట్టి, తరవాత హాండిలు పెట్టి చేతితో మెల్లిగా తిప్పాలి. పాత పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది గనక ట్యాంకు కడగాలి. ఖాళీ ట్యాంకే గదా అని దానికి ఎన్నడూ వెల్డింగు చేయించకండి. మిగిలిన పెట్రోలు ఆవిరి బాంబులాగా పేలుతుంది. ఇంజను స్టార్టు చేసేటప్పుడు బండి ఆరుబయట ఉండాలి. మూసిన కొట్టంలో పొగతోపాటు కార్బన్ మోనాక్సైడు నిండుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణం మాత్రం తీస్తుంది.

జీపుకు మామూలు గేర్లు కాక మరో చిన్న గేరుపెట్టె ఉన్నది. అది ఇంజను బలాన్ని ముందు చక్రాలకు కూడా పంచుతుంది. వెనక చక్రాలు బురదలో ఊరికే తిరుగుతుంటే, ముందువి బండిని పైకి లాగుతాయి. అందులోనే ఉన్న మరో మీట వేస్తే వేగం తగ్గి, లాగే శక్తి దాదాపు రెండున్నర రెట్లవుతుంది. కాని తారురోడ్డుమీద ఇది పనికిరాదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికన్న ఎక్కువ దూరం తిరగాలి. బురదలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి రోడ్డుమీద జారలేక గేర్లు పెనుగులాడి అరుగుతాయి.

అన్నీ అయ్యాక, రంగు ఏది వేయాలని ఇంట్లో పోట్లాట వస్తుంది! కొందరు పెద్ద టైర్లు, కొత్త ఇంజను, వింత రేకులు పెట్టించాలంటారు. బండి రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చటాన్ని చట్టం ఒప్పుకోదు. 2021లో వచ్చిన నియమాల ప్రకారం, 50 ఏళ్ళు దాటిన సొంతబండి అసలు రూపంలోనే ఉంటే, దాన్ని పాతకాలపు వాహనంగా రిజిస్టరు చేయించవచ్చు. అయితే దాన్ని రోజూ పనులకు నడపకూడదు.

జీపు ఎక్కడికైనా పోగలదు గనక ఎక్కడికైనా పోవచ్చునని అనుకోకండి. కిన్నెరసాని అడవి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోరాదు. చక్రాల కింద నలిగే మొలకకు మళ్ళీ మొలవటానికి ఎన్నాళ్ళు పడుతుందో! మొదట ఖాళీ మైదానంలో, నడిచే మనిషి వేగంతో, పదిసార్లు బ్రేకు వేసి చూడండి. పదిసార్లూ తిన్నగా ఆగితే, పరీక్ష చేయించి కాగితాలు తెచ్చుకున్నాక, ఒక ఆదివారం తారురోడ్డుమీదనే కిన్నెరసాని డ్యాం చూడటానికి బయలుదేరండి. బొమ్మల నోటుపుస్తకం కూడా మరవకుండా వెంట తీసుకుపొండి. దారిలో ఏ బోల్టయినా వదులయితే, అది ఎక్కడిదో చెప్పేది అదే గదా!