గట్టుమీది ఈల

క్రీడామైదానంలో రిఫరీ ఈలకు తిరుగులేదు. అది మోగగానే ఇరవై ఇద్దరు ఆటగాళ్లూ నిలిచిపోతారు. కాని అటువంటి ఈలే ప్రేక్షకుల నడుమనుండి మోగితే ఏం చేయాలి? ఈ ప్రశ్న విలువ నాకొక పరాజితుని ముఖం చూచిన తరువాతగాని తెలియలేదు.

చాలా ఏళ్ల కిందటి మాట. రెండు జూనియర్ కళాశాలల మధ్య జరిగిన ఫుట్‌బాల్ పోటీకి నేను రిఫరీని. ఆట ముగియడానికి పది నిమిషాలే ఉంది. ఇరుజట్లలో ఎవరికీ గోల్ లేదు. బంతి ఒక జట్టు పెనాల్టీ ప్రాంతంలోకి దొర్లింది. సరిగా ఆ క్షణంలో గట్టుమీద కూర్చున్నవారిలో ఎవరో ఈల ఊదారు. అది నా ఈలేనని భ్రమించిన ఒక కుర్రవాడు ఆగి, బంతిని చేతుల్లోకి తీసుకున్నాడు. నేను ఆలోచించలేదు. చేతితో బంతిని పట్టడం తప్పు, ఆ తప్పుకు శిక్ష పెనాల్టీ. అంతవరకే నా బుద్ధి పనిచేసింది. గోల్ పడింది. ఆ జట్టు ఓడిపోయింది.

ఆట ముగిశాక అతడు నా దగ్గరకు వచ్చి, "మీరే ఈల వేశారనుకున్నాను సార్" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఆ వినయమే నన్ను ఎక్కువగా బాధించింది.

ఆ రాత్రి నియమావళి తెరిచాను. ప్రేక్షకుని ఈల ఆటకు భంగం కలిగించిందని రిఫరీ భావిస్తే ఆటను ఆపి, బంతిని నేలపై జారవిడిచి మళ్లీ ప్రారంభించాలి. రెండవ బంతి వచ్చిపడినా, జంతువు చొరబడినా న్యాయం ఇదే. అయితే బయటిది లోపలికి వచ్చినంతమాత్రాన ఆటను ఆపనక్కరలేదు. అది ఆటకు అడ్డు తగిలిందా లేదా అన్నదే ముఖ్యం. మరొక నియమం నన్ను మరింత కలచివేసింది. ఆట తిరిగి మొదలైన తరువాత రిఫరీ తన నిర్ణయాన్ని మార్చుకోలేడు. పెనాల్టీ తన్నకముందే ఒక్క క్షణం ఆగి ఉంటే, నా తప్పును దిద్దుకోగలిగేవాణ్ణి.

ఇటువంటి అంతరాయాలు పెద్ద మైదానాలకూ తప్పలేదు. 1962లో చిలీలో ఇంగ్లండు, బ్రెజిల్ ప్రపంచ కప్ పోటీలో తలపడుతుండగా ఒక కుక్క మైదానంలోకి దూరింది. ఇంగ్లండు ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ మోకాళ్లమీద వంగి దానిని పట్టుకుంటే అందరూ నవ్వుకున్నారు. 2009 అక్టోబరు 17న సండర్లాండులో జరిగినది మాత్రం నవ్వి మరచిపోదగినది కాదు. డారెన్ బెంట్ కొట్టిన బంతి, ప్రేక్షకులనుండి వచ్చిపడిన ఎర్రని గాలిబంతికి తగిలి దారి మళ్లి, లివర్‌పూల్ గోల్‌లోకి పోయింది. నియమం ప్రకారం ఆట ఆపవలసిన రిఫరీ దానిని గోల్‌గా ప్రకటించాడు. ఆ ఒక్క గోల్‌తోనే సండర్లాండు గెలిచింది. ఆ వార్త చదివినప్పుడు రిఫరీని నిందించడానికి నాకు నోరు రాలేదు.

నా పోటీ జరిగిన మరునాడు ఆ కుర్రవాడి కళాశాలకు వెళ్లాను. అతని జట్టువారందరి ఎదుట, తప్పు అతనిది కాదు, నాదేనని చెప్పాను. ఫలితం మారలేదు. కాని తన వల్లనే జట్టు ఓడిందన్న భారం అతని మీదనుండి దిగింది.

తీర్పు చెప్పేవానికి చూపు ఎంత అవసరమో, నిదానమూ అంత అవసరం. ఆ రెండూ తప్పిననాడు, తప్పును ఒప్పుకునే ధైర్యమైనా ఉండాలి.