వించీ నుంచి బాబాయ్‌కి

వించీ, మంగళవారం

బాబాయ్,

ఫ్లోరెన్స్‌లో రైలెక్కి ఎంపోలిలో దిగి, బస్సులో లియొనార్డో ఊరు చేరాను. ఊరి నడిబొడ్డున పాత కోట, అందులో మ్యూజియం. ఆయన కాగితం మీద గీసి వదిలేసిన యంత్రాల్ని కర్రతో చేసిపెట్టారు. జనమంతా ఎగిరే యంత్రం రెక్కల దగ్గరే మూగారు. నువ్వుంటే ఎక్కడ ఆగేవాడివో నేనక్కడ ఆగాను.

యుద్ధశకటం ఉంది. లోపల మనుషులు క్రాంకులు తిప్పితే కదలాలి. గీసింది గీసినట్టు పళ్లచక్రాలు బిగిస్తే మాత్రం ముందు చక్రాలు ఒకవైపు, వెనకవి ఇంకోవైపు తిరుగుతాయి. అంగుళం కదలదు! శత్రువు కాపీ కొట్టకుండా కావాలనే అలా గీశాడంటారు కొందరు. నాకు నమ్మబుద్ధి కాలేదు. నిద్రకళ్లతో డ్రాయింగు గీస్తే నీ షెడ్డులో జరిగేదే అక్కడా జరిగి ఉంటుంది.

దానంతటదే నడిచే బండిది ఇంకో కథ. 1478 ప్రాంతంలో గీశాడు. పైకి కనబడే పట్టీ స్ప్రింగులే దాన్ని తోస్తాయనుకుని చేసిన నమూనాలు సరిగ్గా నడవలేదు. తోసేవి కింద డ్రమ్ముల్లో దాగిన చుట్ట స్ప్రింగులనీ, పైవి అదుపు కోసమనీ చాలా ఆలస్యంగా తేలింది. 2004లో ఫ్లోరెన్స్‌లో చేసిన నమూనా నడిచింది. అంటే ఇక్కడ మనం చూసేది సగం లియొనార్డోని, సగం ఆ డ్రాయింగు చదివిన వడ్రంగిని.

ఉంటాను,
చిన్నోడు

వించీ, బుధవారం

బాబాయ్,

కోటకి దగ్గర్లోనే మ్యూజియం వాళ్లదే ఇంకో భవనం ఉంది. నిన్నటికంటే నాకు ఇదే నచ్చింది. ఫ్లోరెన్స్ కెథడ్రల్ గోపురానికి రాళ్లెత్తడానికి, దాన్ని కట్టిన బ్రూనెల్లెస్కీ చేయించిన ఎత్తుడు యంత్రం నమూనా ఉందిక్కడ. ఎడ్లు గానుగకి తిరిగినట్టు ఒకేవైపు తిరుగుతుంటాయి. నిలువు ఇరుసుకి పైనొకటి, కిందొకటి పళ్లచక్రాలు. అడుగున స్క్రూ తిప్పి ఇరుసుని కాస్త పైకో కిందికో జరిపితే ఒకదాని బదులు రెండోది పట్టుకుంటుంది. అంతే, బరువు పైకెక్కేది కిందికి దిగుతుంది. ఎడ్లని విప్పి తిప్పి కట్టే పనే లేదు. డ్రమ్ములు కూడా వేరువేరు సైజులవి. బరువుని బట్టి వేగం మార్చుకోవచ్చు. ఇది కాగితం మీద కల కాదు, ఏళ్లతరబడి నిజంగా రాళ్లు మోసింది. 1471లో లియొనార్డో గురువు వెర్రోక్కియో చేసిన రాగి బంతిని గోపురం మీద నిలబెట్టారు. ఆ రోజుల్లో కుర్రాడు లియొనార్డో ఈ యంత్రాల్ని చూసి బొమ్మలు గీసుకున్నాడు. లోకం మాత్రం వీటినీ చాలాకాలం ఆయన ఖాతాలోనే రాసేసింది.

సాయంత్రం ఆలివ్ తోటల మీదుగా ఆంకియానో నడిచాను, ఆయన పుట్టాడని చెప్పే ఇల్లు చూడ్డానికి. రాతి గోడలు, పెద్ద పొయ్యి.

రేపు మిలాన్. అక్కడి సైన్స్ మ్యూజియంలోనూ 1950ల నాటి నమూనాలున్నాయి. ఇక్కడి ఎత్తుడు యంత్రం స్క్రూ మర పళ్ల మధ్య ఎడమెంత అని నువ్వెలాగూ అడుగుతావు. కొలవనివ్వరు, ఫొటోలు పంపుతున్నాను.

చిన్నోడు